క్షయ మానిన వెనుక

క్షయరోగి మాసములకొలది నియమము తప్పక మందులు మ్రింగి, తెమడలో క్రిములు లేవనిపించుకొని యిల్లు చేరుట సంతోషింపదగిన విషయమే. నాటితో అతని పేరు ప్రభుత్వపు పట్టికలో నయమైనవారి వరుసకెక్కును. ఆ వ్రాతతో తన విధి తీఱినదని దేశము భావించుచున్నది. తీఱలేదని మా మనవి.

క్షయ మానినను, అది త్రవ్విన తొఱ్ఱలు కొందఱి ఊపిరితిత్తులలో శాశ్వతముగా నిలిచిపోవును. మనము పీల్చు గాలియందు ఆస్పర్జిల్లస్ అను బూజుయొక్క సూక్ష్మబీజములు ఎల్లవేళల నుండును. కుళ్లిన గడ్డి, ఎరువుకుప్ప, తడిసిన ధాన్యము వాని పుట్టినిండ్లు. ఆరోగ్యవంతుని దేహము వానిని దినదినము నిర్మూలించుచునే యుండును. క్షయ మిగిల్చిన తొఱ్ఱలో ఆ శక్తి సన్నగిల్లును. అచట బూజు వేరూని, కొందఱిలో ముద్దకట్టును. ఎడతెగని దగ్గు, ఆయాసము, దేహము కృశించుట, దగ్గులో రక్తము పడుట దాని లక్షణములు. ఇవన్నియు క్షయలక్షణములే యని పాఠకులు గ్రహించియే యుందురు.

అనర్థము ఇచటనే పుట్టుచున్నది. రోగి మఱల ఆసుపత్రికి పోవును. తెమడలో క్షయక్రిమి కనబడకున్నను, ఎక్స్‌రే పటమున పాత తొఱ్ఱను జూచి, క్షయ తిరుగబెట్టినదని యెంచి, మఱల ఆ మందులనే యిచ్చుట కద్దు. క్షయమందులు బూజును చంపవు. పైగా, రిఫాంపిసిన్ అను క్షయౌషధము బూజునకు విరుగుడైన ఇట్రాకొనజోలును నెత్తుట నిలువనీయదు. కనుక రెంటిని కలిపి యిచ్చినను ఫలము దక్కదు. రోగమెఱుగని చికిత్స చీకటిలో కఱ్ఱసాము వంటిది. దెబ్బ తినువాడు రోగియే.

ఇది ఏ కొందఱికో వచ్చు జబ్బు, దీనికై ఇంత ఆరాటమేల యని యనువారు కలరు. వారు లెక్కలు చూతురుగాక. బ్రిటనునందు క్షయ మాని తొఱ్ఱలు మిగిలిన 544 మందిని పరీక్షించి 1968లో ప్రకటించిన వివరములలో నూటికి 11 మందికి బూజుముద్ద కానవచ్చెను. 1970లో ప్రకటించిన మఱుపరీక్షలో ఆ సంఖ్య 17 అయ్యెను. ఉగాండాలోని గులు పట్టణమున జరిగి 2019లో వెలువడిన పరిశోధనలో, క్షయచికిత్స పొందినవారందఱిలో నూటికి సుమారు 5 గురికి, తొఱ్ఱ కనబడినవారిలో నూటికి 26 మందికి ఈ వ్యాధి యుండెను. మన దేశమున ఇట్టి రోగులు సుమారు 2,90,000 మంది యుందురని చండీగఢ్ పరిశోధకులు మఱికొందఱితో గూడి 2014లో అంచనా వేసిరి. ప్రపంచమందలి క్షయరోగులలో నాల్గవవంతు మనవారే యైనపుడు, ఈ రెండవ కష్టమున పెద్దపాలు మనది కాక మఱెవరిది?

ఉపాయము లేదా యన్న, ఉన్నది. రక్తమున ఈ బూజునకు ప్రతిగా పుట్టిన పదార్థములను కనుగొను పరీక్ష కలదు. ఇట్రాకొనజోలు 2017లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థవారి అత్యవసర ఔషధముల జాబితాకెక్కినది. ఆ మందును ఆరు మాసములకు బదులు పండ్రెండు మాసములు వాడినచో, రెండేండ్లలో రోగము తిరుగబెట్టుట నూటికి 38 నుండి 10కి తగ్గునని 2022లో లోకమునకు చాటినవారును మన చండీగఢ్ వైద్యులే. విద్య మనది, వైద్యులు మనవారు. ఫలము మాత్రము మన పేదలకు అందవలసియున్నది.

క్షయరోగికి ఇంటికడనే చికిత్స చేయవచ్చునని 1959లో ప్రపంచమునకు నేర్పినది మదరాసు నగరమందలి పరిశోధన కేంద్రము. మదనపల్లె చెంత ఆరోగ్యవరమున క్షయ చికిత్సాలయము వెలసి నూరేండ్లు దాటినది. ఇంతటి వారసత్వముగల దేశము, చికిత్స ముగిసిన మఱునాటినుండి రోగిని మఱచిపోవుట తగునా?

మేము కోరునది గొంతెమ్మ కోరిక కాదు. చికిత్స ముగిసిన పిదప రెండేండ్లవఱకు ఆరేసి మాసములకొకపరి రోగిని చూడవలెనని ప్రభుత్వపు 2016 నాటి నిబంధనలే చెప్పుచున్నవి. వానిని కాగితముననుండి ఆచరణకు దెండు. చికిత్స ముగియగనే ఎక్స్‌రే తీసి, తొఱ్ఱ మిగిలినవారిని ప్రత్యేకముగ గుఱుతుంచుడు. దగ్గు తిరిగివచ్చి క్రిమి కనబడనివారికి, మఱల క్షయమందు మొదలిడుటకు ముందు రక్తపరీక్ష చేయింపుడు. ఆ పరీక్షయు, ఆ మందును జిల్లా ఆసుపత్రులలో ఉచితముగ నుంచుడు. అందఱికిని పరీక్షలు చేయ ధనమెక్కడిదందురా, అందఱికి అక్కఱలేదు. తొఱ్ఱగలవారికి, దగ్గు మానని వారికి చాలును. పనికిరాని మందులను మాసములకొలది మ్రింగించుటకగు వ్యయమును ఎవ్వరైన లెక్కించిరా?

2025 నాటికి క్షయను రూపుమాపెదమని 2018లో ప్రతిన బూనిన ప్రభుత్వమిది. గడువు తీఱునాటికి క్షయ తీఱలేదు. ఆ ప్రతినకు అర్థము పట్టికలోని అంకెలు తగ్గుట మాత్రమే కారాదు. నయమైనవాడు మఱల నాగలి పట్టవలెను, మగ్గమున కూర్చుండవలెను, బిడ్డల నెత్తుకొనవలెను. అంతవఱకు అతని భారము మన భారమే.