తక్కెడకు ముద్ర ఉంది, నీళ్ల మీటరుకు ఏదీ?

మదనపల్లె టమాటా యార్డులో 'జాక్‌పాట్' పేరుతో పోయే పెట్టెల లెక్క అడిగినవాళ్లం మనం. పాలకేంద్రంలో వెన్న శాతం తక్కువ చూపిస్తే క్యాను దించి నిలదీసేవాళ్లం. ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర పడాలని చట్టమే చెబుతోంది. అంత పట్టుదల గల మనమే తాగే నీళ్ల దగ్గరికి వచ్చేసరికి, గోడ మీద ఎర్రంకెలు వెలుగుతుంటే చాలు, బిందె నింపుకొని వచ్చేస్తున్నాం.

కురబలకోట చుట్టుపక్కల ఒక నీళ్ల ప్లాంటుకు వెళ్లాం. పీహెచ్ మీటరు ఉంది. దీన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశారని అడిగితే, నడిపే కుర్రాడు మా మొహాలు చూశాడు. బఫర్ ద్రావణం అనే మాట అతనికి ఎవరూ చెప్పలేదట. తప్పు అతనిది కాదు. మిషన్ కొనడానికి నిధులు దొరికాయి, రిబ్బన్ కత్తిరించడానికి పెద్దలు దొరికారు, కొన్ని రూపాయల బఫర్ బిళ్లకు మాత్రం పద్దు దొరకలేదు.

ఇది చిన్న విషయం కాదు. పీహెచ్ మీటరు కొసన ఉండే గాజు బుడ్డి ఎండిపోతే, మురికి పడితే, కాలం తీరితే అంకె పక్కకు జరిగిపోతుంది. గాజు పగిలిన ఎలక్ట్రోడ్ అయితే ఏ నీళ్లలో ముంచినా 7 దగ్గరే చూపిస్తుంది. 7 అంటే ఆమ్లమూ కాదు, క్షారమూ కాదు. రిజిస్టరులో రాయడానికి అంతకన్నా చక్కని అంకె ఏముంటుంది? చచ్చిన మీటరు రోజూ 'బాగుంది' అని చెబుతుంటే, దాన్నే కాగితం మీద ఎక్కించి పైకి పంపుతారు. మీటరే లేకపోతే కనీసం అనుమానమైనా మిగిలేది!

పీహెచ్ తప్పితే క్లోరిన్ లెక్కా తప్పుతుంది. బ్లీచింగ్ పౌడరు నీళ్లలో కలిసినప్పుడు క్రిమిని చంపే బలమైన రూపం పీహెచ్ 7.5 దగ్గర సగమే ఉంటుంది, 8.5కు వెళితే పదో వంతుకు పడిపోతుంది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 పీహెచ్ 6.5 నుంచి 8.5 దాకా ఉండొచ్చంటుంది. మిగులు క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలంటుంది. అంటే ప్రమాణం లోపలే ఉన్నా, రెండు ఊళ్లలో ఒకే మోతాదు పౌడరు ఒకేలా పనిచేయదు. ఆ తేడా చెప్పేది మీటరే. నీళ్లు చెడితే ఏమవుతుందో 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో చూశాం. విరేచనాలు ప్రబలి ప్రాణాలే పోయాయి.

ఇప్పుడు అవసరం ఇంకా పెరిగింది. శ్రీశైలం నీళ్లు హంద్రీ-నీవా కాలువల్లో మన వైపు వచ్చి, 2025 ఆగస్టులో కుప్పం దాకా చేరాయి. దానికోసం పోరాడినవాళ్లం, సంతోషమే. కానీ కాలువ నీళ్లు బోరు నీళ్లలా కాదు. వాన పడితే ఒక రంగు, ఎండకాస్తే ఒక రంగు. బురద, ఆకు, పాచి అన్నీ అందులోనే. పొద్దున చూసిన అంకె సాయంత్రానికి పనికిరాదు.

ఈ సందులోనే క్లోరిన్ డయాక్సైడ్ యంత్రం పెట్టుకోండని చెప్పేవాళ్లు వస్తున్నారు. కోళ్ల ఫారాల్లో వాడుతున్నదే. పీహెచ్ ఎక్కువున్నా దాని బలం తగ్గదనేది నిజం, మేం కాదనం. కానీ అది నిల్వ చేసుకునే మందు కాదు. సోడియం క్లోరైట్‌కు ఆమ్లం కలిపి అక్కడికక్కడే తయారు చేయాలి. ఎంత పోయాలో సెన్సార్ చెబితే పంపు పోస్తుంది. సెన్సార్ పొర మీద పాచి పట్టినా, దాని ముందు నీటి పారకం తగ్గినా అంకె తక్కువ చూపిస్తుంది, పంపు ఇంకా పోస్తుంది. అమెరికా తాగునీటిలో దీనికి పెట్టిన హద్దు లీటరుకు 0.8 మిల్లీగ్రాములు, అది విరిగి మిగిలే క్లోరైట్‌కు 1 మిల్లీగ్రాము. ఆ హద్దు దాటినా చూసేవాడు లేని ఊరికి అంత యంత్రం ఎందుకు?

దాన్ని సరిచూడాలంటే సీసాలో వచ్చే ద్రావణం కుదరదు, ఆ వాయువు ఎగిరిపోతుంది. అదే పైపు నుంచి నీళ్లు పట్టి, గ్లైసిన్ వేసి, డీపీడీ పొడి కలిపి, వచ్చిన గులాబీ రంగును చిన్న ఫోటోమీటరులో చూసి, ఆ అంకెకు సెన్సార్‌ను దిద్దాలి. గ్లైసిన్ ఎందుకంటే, మామూలు క్లోరిన్ ఉంటే అది లెక్కలో కలవకుండా. అమ్మేవాళ్లను ఈ ఫోటోమీటరు ఇస్తారా అని అడగండి. మాట మారుస్తారు.

ఇవన్నీ ఇంజనీర్ల విషయాలు, రైతులకేం తెలుసు అంటారు. జలజీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీళ్ల పరీక్ష కిట్టు నేర్పాలన్నది ప్రభుత్వమే కదా. లాక్టోమీటరు చదివే చేతులు బఫర్ సీసాలో ఎలక్ట్రోడ్ ముంచలేవా?

మా డిమాండ్ సాదాసీదాది. ప్రతి ప్లాంటులో బఫర్ బిళ్లలకు, కొత్త ఎలక్ట్రోడ్‌కు ఏటా పద్దు పెట్టాలి. వారానికోసారి జనం ముందు సరిచూసి, తేదీ, అంకె, సంతకం గోడ మీద రాయాలి. 7 బఫర్ ఒక్కటే ముంచి చూపిస్తే ఒప్పుకోవద్దు, పగిలిందీ అక్కడ పాసవుతుంది, 9.2 కూడా ముంచాలి. ఎలక్ట్రోడ్‌ను పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ఉంచాలి, మంచినీళ్ల గ్లాసులో కాదు.

అక్టోబరు 2 గ్రామసభకు రెండు బఫర్ సీసాలు మేమే తెస్తాం. పంచాయతీవాళ్లు మీటరు తెచ్చి బల్ల మీద పెట్టాలి. అక్కలు, అన్నలు ఇంటికొక సీసా చొప్పున తమ కొళాయి నీళ్లు పట్టుకొని రండి.