జామీనుకు సరిహద్దు అడ్డు కారాదు

జైళ్లలో ఏ కులంవాళ్లు ఎందరున్నారో చెప్పే లెక్కను చూసి ఎవరు నేరాలు చేస్తారో తేల్చేయడం తప్పు. జాతీయ నేర గణాంక సంస్థ 2022 నివేదిక ప్రకారం దేశంలోని 5,73,220 మంది ఖైదీల్లో 75.8 శాతం విచారణ ఖైదీలే. వాళ్ల మీద నేరం ఇంకా రుజువు కాలేదు. 2011 జనగణనలో 16.6 శాతమున్న ఎస్సీలు జైళ్లలో దాదాపు ఐదో వంతు ఉన్నారు. పేదల్లో నేరాలు ఎక్కువ కాబట్టే ఇలా ఉందనే వాదన ఒకటుంది. కానీ ఒకే సెక్షన్ కింద ఇద్దరిపై కేసు పెడితే, జామీను ఇచ్చుకోగలిగినవాడు ఇంటికి పోతాడు, ఇచ్చుకోలేనివాడు జైలు లెక్కలోకి ఎక్కుతాడు. ఆ లెక్క కొలిచేది నేరాన్ని కాదు, నిస్సహాయతను.

బళ్లారిలో దీనికి సరిహద్దు తోడైంది. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోగా బళ్లారి మైసూరు రాష్ట్రంలో (నేటి కర్ణాటకలో) కలిసింది. చుట్టరికాలు మాత్రం రెండు వైపులా మిగిలాయి. ఆలూరు నుంచి కూలికి వచ్చినవాడిపై బళ్లారి బ్రూస్‌పేట ఠాణాలో కేసు పడిందనుకోండి. స్థానిక జామీనుదారు, అతని పహణీ (భూమి పత్రం) కావాలంటే ఎక్కడినుంచి తెస్తాడు? ఊళ్లో ఉన్న తన అన్న దగ్గర ఉండేది ఆంధ్ర పాసుపుస్తకం. వేరే జిల్లా జామీనును కాదన్న మేజిస్ట్రేటును 1978లోనే మోతీరామ్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ తప్పుపట్టారు. దూరప్రాంతంలో అరెస్టయిన ఆంధ్రుడో కన్నడిగుడో అక్కడ ఆస్తిపరుడైన జామీనుదారును ఎలా తేగలడని నిలదీశారు. స్థానిక జామీను షరతు వద్దని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మళ్లీ సూచించింది.

లెక్కకూ సరిహద్దు చిక్కే. ఎరుకలవారు ఆంధ్రలో ఎస్టీలు, వాళ్ల బంధువర్గమైన కొరచ, కొరమలు కర్ణాటకలో ఎస్సీలు. లంబాడీలదీ అదే తీరు. నేరస్థ జాతుల చట్టం 1952లో రద్దయినా, ఆ ముద్ర మోసిన విముక్త జాతులకు జైలు గణాంకాల్లో విడి లెక్క లేదు. కులం అడగడమే తప్పని కొందరంటారు. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైళ్లలో కులాన్నిబట్టి పనులు పంచడాన్ని కొట్టేసింది, ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. అది న్యాయమైన తీర్పు. చీపురు ఎవరి చేతికివ్వాలో తేల్చడానికి కులం చూడకూడదు. వివక్షను పట్టుకోవడానికి మాత్రం పేర్లు లేని మొత్తం లెక్క ఉండి తీరాలి.

కాబట్టి జామీను మంజూరై కూడా విడుదల కానివాళ్లు ఎందరో, ఏ వర్గాలవారో జిల్లా న్యాయసేవాధికార సంస్థ నెలనెలా ప్రకటించాలి. సరిహద్దు అవతలి పూచీకత్తును కోర్టులు అంగీకరించాలి. అదీ లేనివారిని, మోతీరామ్‌ను వదిలినట్టే, సొంత బాండుపై వదలాలి.