ముందు చందా, తర్వాతే బొమ్మ

తెలుగులో కామిక్ పుస్తకాల సంస్థ పెడదామనుకున్న కుర్రకారు ముందుగా కూర్చుని ఒక వీరుణ్ణి గీస్తారు. వాడికో ముసుగు, ఓ శక్తి, ఓ పగ. ఆ తర్వాత లోగో, ఆపైన ఇన్‌స్టాగ్రామ్ పేజీ. కొనేవాళ్ళెవరన్న ప్రశ్న, పుస్తకాల కట్టలు ప్రెస్సు నుంచి ఆటోలో ఇంటికి చేరాక గానీ ఎదురుకాదు. ఈ వరస తిరగబడాలి. మొదటి పేజీ గీయకముందే కొన్ని వందలమంది పేర్లూ చిరునామాలూ, వాళ్ళు కట్టిన చందా డబ్బూ చేతిలో ఉండాలి. అలా చేసి నిలదొక్కుకున్న సంస్థ తమిళనాడులో ఉంది.

శివకాశిలో సౌందరపాండియన్ 1972లో ముత్తు కామిక్స్ మొదలుపెట్టారు. బ్రిటన్‌లో పుట్టిన కామిక్ వీరుడు స్టీల్ క్లా, తమిళంలో ఇరుంబుక్కై మాయావి అయి ఇంటింటికీ తెలిసిపోయాడు. సౌందరపాండియన్ కొడుకు ఎస్. విజయన్ 1984లో, ఇంకా నూనూగు మీసాల వయసులో, లయన్ కామిక్స్ తెచ్చారు. తర్వాత ఒక దశలో పుస్తకం ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియని రోజులు నడిచాయి. 2012 జనవరిలో ప్రత్యేక సంచికతో మళ్ళీ వచ్చినప్పుడు విజయన్ పట్టుకున్న దారి చందాలది. ఏడాదిలో రాబోయే పుస్తకాల పేర్లు ముందే ప్రకటిస్తారు, డబ్బు ముందే కట్టించుకుంటారు, ఎన్ని ప్రతులు కావాలో చూసుకుని అచ్చు వేస్తారు. ఇటలీ టెక్స్ విల్లర్, బెల్జియం లక్కీ లూక్ ఇవాళ తమిళంలో రంగుల్లో దొరుకుతున్నారంటే ఆ చందాదారుల చలవే. ఊళ్ళో అచ్చు యంత్రాలుండటం కలిసొచ్చింది, నిజమే. కానీ యంత్రాలు 2012కి ముందూ ఉన్నాయి.

హైదరాబాద్‌లో ప్రయత్నాలు జరగలేదా? జరిగాయి. 2013లో కామిక్ కాన్ ఈ ఊరికి వచ్చింది. మరుసటి ఏడాది, 2014లో, జై ఉండుర్తి రాయగా కోల్‌కతా చిత్రకారుడు హర్షో మోహన్ చట్టోరాజ్ గీసిన ‘హైదరాబాద్: ఎ గ్రాఫిక్ నావెల్’ శ్యేనగిరి అనే చిన్న సంస్థ నుంచి వెలువడింది. ఈ నగరాన్నే కథావస్తువుగా తీసుకుని, పెద్ద ప్రచురణకర్తల తలుపు తట్టకుండా తెచ్చిన పుస్తకం అది. అందుకే దాన్ని గుర్తుపెట్టుకోవాలి. అయితే అది ఇంగ్లిష్ పుస్తకం. తెలుగులో అలాంటి పని వరసగా, ఏడాది తర్వాత ఏడాది చేసే చిన్న సంస్థ లోటు అలాగే ఉంది.

బొమ్మతో కథ చదవడం తెలుగువాళ్ళకు కొత్తేమీ కాదు. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన చందమామలో వడ్డాది పాపయ్య, చిత్రా, శంకర్ వేసిన బొమ్మల కోసమే పుస్తకం తెరిచినవాళ్ళు లక్షల్లో ఉంటారు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి అబ్బాయి బుజ్జాయి 1960లలోనే ఇలస్ట్రేటెడ్ వీక్లీలో పంచతంత్రాన్ని గళ్ళ బొమ్మలుగా గీసి దేశమంతటికీ చూపించారు. చందమామ 2007లో ముంబై సాఫ్ట్‌వేర్ సంస్థ చేతికి వెళ్ళి, 2013 నాటికి ఆగిపోయింది. పెద్ద పెట్టుబడి ఉంటే పత్రిక బతుకుతుందన్న నమ్మకాన్ని ఆ చరిత్ర చూశాకైనా వదులుకోవాలి.

ఇక సంస్థ ఎక్కడ పెట్టాలన్నదానికి వస్తే, హైదరాబాద్ తూర్పున ఉన్న ఉప్పల్, నాచారం మాట. యానిమేషన్, గేమింగ్ అనగానే అందరి చూపూ ఐటీ భవనాలున్న రాయదుర్గం వైపు పోతుంది. కానీ కామిక్స్ సంస్థకు అద్దాల భవనం దేనికి? రెండు గదులు, ఒక మంచి మానిటరు, పుస్తకాలు చెమ్మ తగలకుండా పెట్టుకునే చోటు చాలు. నాచారం పారిశ్రామికవాడ చుట్టుపక్కల వీధులు అందుకు సరిపోతాయి. ఉప్పల్‌కు రంగుల అచ్చు కూడా కొత్త కాదు. సర్వే ఆఫ్ ఇండియా పటాలు ఇక్కడ కూడా అచ్చవుతూ వచ్చాయి. కొండలకో రంగు, నీళ్ళకో రంగు, దారులకో రంగు వేసి గీత చెదరకుండా అచ్చొత్తే పని ఈ పేటకు తెలుసు. ఉప్పల్ నుంచి మెట్రోలో నాలుగో స్టేషనైన తార్నాకలో ‘మంచి పుస్తకం’ సంస్థ పిల్లల తెలుగు పుస్తకాలను తక్కువ ధరకు అందిస్తూ వస్తోంది. సోవియట్ కాలపు బాలసాహిత్యాన్ని మళ్ళీ వెలుగులోకి తెచ్చిందీ వాళ్ళే. కొత్తగా సంస్థ పెట్టేవాళ్ళు పుస్తకం వెనక లెక్కలు అడిగి తెలుసుకోవాల్సింది ఇలాంటి చోటే.

ఆ లెక్కలు కాగితంతో మొదలవుతాయి. 20 బై 30 అంగుళాల షీటు మీద రెండు వైపులా అచ్చు వేసి మడిస్తే ఏడున్నర బై పది సైజులో 16 పేజీలు, అంటే ఒక ఫారం, వస్తాయి. ఒక్కో వైపుకు నాలుగు రంగులు, నాలుగు ప్లేట్లు. 32 పేజీల కథకు రెండు ఫారాలు, 16 ప్లేట్లు. అట్టకు మరో నాలుగు. ప్లేట్ల ఖర్చు, మిషను మీద రంగులు కుదిరేదాకా పాడయ్యే కాగితం ఖర్చు 500 ప్రతులు వేసినా అంతే, 3,000 వేసినా అంతే. అందుకే ప్రెస్సువాళ్ళు ఎక్కువ వేయమంటారు, ప్రతి ఒక్కింటికి ఖర్చు తగ్గుతుందంటారు. అమ్ముడుపోని ప్రతికి అయిన ఖర్చు మాత్రం ఆ లెక్కలో కనపడదు. ఇంకో చిక్కు, కథ 34 పేజీలకు సాగిందంటే ఫారం చెడుతుంది. రచయిత మొదటి రోజే 32 గళ్ళు గీసుకుని ఏ పేజీలో ఏం జరుగుతుందో రాసుకోవాలి.

పుస్తకం మీద జీఎస్టీ లేదు. వినడానికి బాగానే ఉంటుంది. పన్ను లేని సరుకు కాబట్టే, కాగితం మీద కట్టిన పన్ను ప్రచురణకర్తకు తిరిగి రాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి నోటుపుస్తకాల కాగితానికి పన్ను ఎత్తేసి, పుస్తకాలు అచ్చువేసే కాగితం మీద 12 శాతాన్ని 18 చేశారు. చదివే పుస్తకాన్ని ఇలా వెనక దారిన శిక్షించడం అన్యాయం. చిన్న ప్రచురణకర్తలంతా కలిసి దీన్ని అడగాలి.

దుకాణం ద్వారా అమ్మితే అట్ట మీది ధరలో 40 శాతం, ఒక్కోసారి సగం, కమీషన్‌గా పోతుంది. 150 రూపాయల పుస్తకానికి 90 చేతికొస్తే అందులోనే అచ్చు, చిత్రకారుడు, రచయిత, అద్దె. పైగా ఆ డబ్బు వచ్చేసరికి నెలలు దొర్లుతాయి. చందాదారుడు మొత్తం ముందే ఇస్తాడు. పంపడానికి తపాలా శాఖ 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ తెచ్చింది. 300 గ్రాముల లోపు కట్టకు మూల రుసుము 20 రూపాయలు. పైన చెప్పిన కామిక్ వంద గ్రాములకు అటూఇటుగా తూగుతుంది. వ్యాపార ప్రకటనలున్న పుస్తకాలనూ, పత్రికలనూ ఈ కట్టలో తీసుకోరు. చివరి అట్ట మీద ప్రకటన వేసుకుందామన్న ఆశ వదులుకుంటే ఈ తపాలా రాయితీ దక్కుతుంది. ఇదే కారణంగా మాసపత్రికగా కాక పుస్తకంగా మొదలుపెట్టడం మేలు. పత్రికైతే 2024 మార్చిలో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి. పుస్తకానికి ఐఎస్‌బీఎన్ చాలు, అది మన దేశంలో ఉచితం.

తెలుగు కామిక్‌లో ఎక్కువగా దెబ్బతినేది మాటల బుడగ. ఇంగ్లిష్ కామిక్ చూసి గీసిన బుడగలో తెలుగు వాక్యం ఇమడదు. కింద వత్తులు, పైన గుడులు, మాటల పొడవు కలిసి వరసకూ వరసకూ మధ్య ఎక్కువ ఖాళీ అడుగుతాయి. బొమ్మంతా రంగులతో పూర్తయ్యాక సంభాషణ ఇరికిస్తే వీరుడి ముఖం సగం మూసుకుపోతుంది. పెన్సిల్ దశలోనే మాటలు రాసి చూసుకోవాలి. రామభద్ర, ధూర్జటి, మల్లన్న వంటి యూనికోడ్ ఖతులు ఉచితంగా దొరుకుతున్నాయి. అక్షరాల పని చేసేవారి పేరు కూడా పుస్తకంలో వేయాలి.

పేరుతోపాటు హక్కు కూడా. సూపర్‌మ్యాన్‌ను సృష్టించిన సీగెల్, షుస్టర్ 1938లో 130 డాలర్లకు హక్కులన్నీ రాసిచ్చి, జీవితమంతా కోర్టుల చుట్టూ తిరిగారు. స్నేహితులే కదా అని నోటిమాటతో కానిచ్చేసే అలవాటు మనవాళ్ళలో ఎక్కువ. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. గడువు రాయకపోతే అయిదేళ్ళు, ప్రాంతం రాయకపోతే భారతదేశం అని అర్థం. చిత్రకారుడికి పేజీకింత రొక్కం, అమ్మకంలో వాటా, సినిమా అడిగితే ఎవరికెంత అన్నది ఒక్క కాగితం మీద రాసి సంతకాలు పెట్టుకోవాలి.

ఉప్పల్‌లో ఇల్లున్నవాళ్ళు ఆస్తిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నారు. పోటీ పరీక్షల పుస్తకాలు కొన్నట్టే ఆ డబ్బుతో శాఖా గ్రంథాలయాలకు తెలుగు కామిక్స్ కొనమని అడిగే హక్కు వాళ్ళకుంది. జిల్లా గ్రంథాలయ సంస్థ కొనే ఒక్కో వంద ప్రతులూ ఇలాంటి చిన్న సంస్థకు మరో పుస్తకం వేసే ధైర్యమిస్తాయి.

రంగులతో సహా ఒక పేజీకి రెండు రోజులు పట్టే చిత్రకారుడికి 32 పేజీలంటే రెండు నెలల పైమాట. అక్షరాలు, ప్రూఫులు, అచ్చు కలిపితే మరో నెల. డిసెంబర్‌లో ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే పుస్తక ప్రదర్శనకు మొదటి పుస్తకం చేరాలంటే వినాయక చవితి లోపలే బొమ్మలు మొదలవ్వాలి, ఆషాఢానికి కథ పూర్తవ్వాలి. చందాల పుస్తకం మాత్రం ఉగాదికే తెరవాలి.