వాకిలికి పర్దా ఉంది, వైఫైకి ఏదీ?



మన ఎర్రగుంట్లలో సిమెంటు కంపెనీ క్వార్టర్‌కు పోయినా, నాపరాళ్ల ఫ్యాక్టరీలో పనిచేసే భాయి ఇంటికి పోయినా వాకిట్లో పర్దా ఉంటుంది. సలాం చెప్పి, ఇజాజత్ దొరికేదాకా బయటే నిలబడతాం. సూరె నూర్ నేర్పిన అదబ్ ఇది. మరి అదే ఇంట్లో అల్మారా మీద మిణుక్కుమనే వైఫై డబ్బాకు పర్దా ఏదీ? అడిగితే ఒకటే జవాబు: "మన దగ్గర దాచుకునేది ఏముంది భాయ్?"

ఈ మాట మీదే నా ఏతరాజ్. మీ కంప్యూటర్లో ఏముందో ఒకసారి చూడండి. హజ్ దరఖాస్తు కోసం స్కాన్ చేసిన అమ్మీ, అబ్బా పాస్‌పోర్టులు. రిష్తా కోసం పంపిన బేటీ ఫోటోలు. కువైట్ నుంచి కొడుకు పంపే డబ్బు పడే బ్యాంకు ఖాతా. ఇవి దాచుకునే గునాహ్‌లు కావు, కాపాడాల్సిన అమానత్‌లు.

అసలు ఖత్రా ఇంకొకటి ఉంది. 2008 జులై 26న అహ్మదాబాద్‌లో పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు మీడియాకు ఒక ఈమెయిల్ వచ్చింది. అది నవీ ముంబైలో ఒక అమెరికన్ ఇంటి ఇంటర్నెట్ నుంచి పోయిందని పోలీసులు తేల్చారు. ఆయన వైఫైకి సరైన తాళం లేదు, ఎవరో వాడుకున్నారు. ఆ ఆగస్టులో ముంబైలో ఒక కాలేజీ వైఫై, సెప్టెంబర్‌లో ఒక కంపెనీ వైఫై అదే పనికి వాడారు. ఆ అమెరికన్ కంప్యూటర్ పోలీసుల చేతికి పోయింది, రోజుల తరబడి తఫ్తీష్ జరిగింది. చివరికి ఆయన దేశం దాటి పోగలిగాడు. ఆ ఫ్లాట్‌లో ఉన్నది మన పిల్లోడైతే? 2007 మక్కా మసీదు పేలుడు తర్వాత హైదరాబాదులో పట్టుకెళ్లిన యువకులను కోర్టు నిర్దోషులని వదిలేసింది. పోయిన చదువు, పోయిన ఇజ్జత్‌ను ఏ కోర్టు తిరిగి ఇచ్చింది? అందుకే మన ఇళ్లలో ఈ ఎహ్తియాత్ ఇంకాస్త ఎక్కువే ఉండాలి.

"పక్కింటోళ్లకు పాస్‌వర్డ్ ఇవ్వడం హమ్‌సాయా హక్కు కదా" అంటారు కొందరు. నీళ్లిచ్చినట్టు ఇవ్వండి, కాదనను. కానీ బిందె నింపి ఇస్తాం గాని, ఇంటి తాళాలు ఇవ్వం. మామూలు డబ్ల్యూపీఏ2 వైఫైలో పాస్‌వర్డ్ తెలిసినవాడు, హునర్ ఉంటే, అదే వైఫై మీద పోయే మీ సమాచారాన్ని పట్టి విప్పగలడు. బ్యాంకు సైట్లకు హెచ్‌టీటీపీఎస్ రక్షణ ఉంటుంది, నిజమే. అయినా మీరు ఏ సైటుకు పోతున్నారో చాలాసార్లు బయటికి తెలుస్తూనే ఉంటుంది. చాలా డబ్బాల్లో గెస్ట్ నెట్‌వర్క్ అని వేరే ఉంటుంది. హమ్‌సాయాకు అది ఇవ్వండి.

మిగతా పని అరగంటది. డబ్బాతో వచ్చిన "అడ్మిన్" పాస్‌వర్డ్ మార్చండి. డబ్ల్యూపీఏ3 లేదా డబ్ల్యూపీఏ2 పెట్టండి. డబ్ల్యూఈపీ గుట్టు 2001లోనే రట్టయింది, దాన్ని వదిలేయండి. డబ్ల్యూపీఎస్ ఆపండి. రైల్వే స్టేషన్లో, హోటల్లో ఉచిత వైఫై పడితే విండోస్‌లో ఆ నెట్‌వర్క్‌ను "పబ్లిక్"గానే ఉంచండి, ఫోల్డర్ల షేరింగ్ ఆగుతుంది. తనంతట తాను కనెక్ట్ అయ్యే సెట్టింగ్ తీసేయండి. ఎందుకంటే అదే పేరుతో నకిలీ వైఫై పెట్టడం పెద్ద కష్టం కాదు.

కేబుల్ ఆపరేటర్లతో కూడా ఒక మాట. బిగించిన ప్రతి ఇంట్లో ఒకే పాస్‌వర్డ్, లేదంటే ఇంటాయన ఫోన్ నంబరే పాస్‌వర్డ్! నెలనెలా పైసలు తీసుకునేవారికి ఈ జిమ్మేదారీ లేదా? డబ్బా బిగించిన రోజే పాస్‌వర్డ్ మార్చి చూపించమని నిలబెట్టి అడగండి.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలు ఒక్కమాటగా గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే సూరె హుజురాత్ తజస్సుస్‌ను, అంటే ఒకరి గుట్టు తవ్వడాన్ని, మనా చేసింది. తొంగిచూసేవాడిది గునాహ్, సరే. తలుపు బార్లా తెరిచిపెట్టి "దాచుకునేది ఏముంది" అనేవాడిది మాత్రం సాదాతనం కాదు, గఫ్లత్.