నచికేతుని ప్రశ్న, వరదబాధితుల దానం

2021 నవంబరు 19, కార్తిక పౌర్ణమి. శివాలయాలలో దీపాలు వెలిగే ఆ పుణ్యతిథినాడే, ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట తెగి, ఆ జలరాశి చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టుపై విరుచుకుపడినది. ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకొనిపోయినది. రాజంపేట మండలంలోని పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు గ్రామాలను ప్రవాహం ముంచెత్తినది. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయినవి. ఇండ్లు నేలమట్టమైనవి. పశుసంపద నశించినది. పంటపొలాలలో ఇసుక మేటలు వేసినది.

అప్పటికి జిల్లా విభజన జరుగలేదు. రాజంపేట, రాజుపాలెం రెండూ ఒకే కడప జిల్లాలో ఉండేవి. ఒకటి చెయ్యేటి సీమ, ఇంకొకటి కుందూ సీమ. ఆ రెండు నదులూ చివరకు పెన్నలోనే సంగమిస్తాయి. కుందూ పొంగినప్పుడు చేతికి వచ్చిన పైరు మునగడమంటే ఏమిటో రాజుపాలెం వారికి ఒకరు చెప్పనక్కరలేదు. కనుక కరుణ పుట్టడానికి అక్కడ ఉపదేశం అవసరం లేదు. ఉపదేశం అవసరమైనది ఆ కరుణ ఏ రూపం ధరించవలెననే విషయంలో మాత్రమే.

ఇటువంటి విపత్తు వచ్చిన ప్రతిసారీ ఊరూరా జరిగేది ఇంచుమించు ఒకటే. యువకులు ఒక వాహనం మాట్లాడుకొని ఇంటింటికీ తిరుగుతారు. బీరువాల అడుగున పడియున్న పొట్టి చొక్కాలు, వెలిసిన చీరలు, జిప్పు చెడిన సంచులు, మూడేళ్లుగా ఎవరూ కప్పుకోని దుప్పట్లు మూటలుగా బయటకు వస్తాయి. ఇల్లు తేలికపడుతుంది, మనస్సు కూడా తేలికపడుతుంది. ఆ మూట ఎవరికి చేరినది, చేరిన చోట ఏమైనది అని ఎవరైనా అడిగితే, సమాధానంగా వేదాంతం వినిపిస్తుంది: ‘దానం చేసి మరచిపోవలెను. ఫలాన్ని విచారించరాదు. విచారిస్తే అది ఫలాసక్తి అవుతుంది.’

ఈ మాట వినడానికి వైరాగ్యంలా ఉంటుంది. నిజానికి అది సోమరితనానికి కట్టిన కాషాయం. దానిని శాస్త్రం పేరుతో చలామణి కానీయరాదు.

కఠోపనిషత్తు ప్రారంభమైనది ఒక చెడ్డ దానంతోనే. వాజశ్రవసుడు సర్వస్వాన్ని దానం చేయవలసిన యజ్ఞాన్ని ఆచరించినాడు. దక్షిణగా తోలించినవి మాత్రం పాలుడిగి, ఈతకు రాని ముసలి ఆవులు. లెక్కకు అవి గోవులే, గోదానం జరిగినట్లే. కాని పుచ్చుకొన్నవానికి దక్కేది పాలు కావు, మేత పెట్టే భారం మాత్రమే. ఆ దృశ్యాన్ని చూచిన బాలుడు నచికేతునిలో శ్రద్ధ ప్రవేశించినదని ఉపనిషత్తు చెప్పుచున్నది. ఆ శ్రద్ధ అతని చేత చేయించినది ఏమిటి? ఇటువంటివి ఇచ్చేవాడు ఆనందం లేని లోకాలకు పోతాడని ఆలోచింపజేసినది, తండ్రిని ప్రశ్నింపజేసినది. ఆ శ్రద్ధ ఆస్తిక్యబుద్ధి అనీ, తండ్రి హితాన్ని కోరుట వలన కలిగినదనీ శంకర భగవత్పాదులు వ్యాఖ్యానించినారు. అంటే దానాన్ని పరీక్షించడం అశ్రద్ధ కాదు. ఆ సందర్భంలో పరీక్షయే శ్రద్ధ. మారు పలుకక ఆవులను తోలుకొనిపోయినవారిలో శ్రద్ధ ప్రవేశించినదని శ్రుతి చెప్పలేదు.

పట్టని చొక్కాల మూట వాజశ్రవసుని మందయే. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత తమిళనాడులోని నాగపట్టణ తీరంలో దేశమంతటి నుండి వచ్చిన పాత బట్టలు రహదారుల ప్రక్కన కుప్పలుగా పడి ఉండినవి. సముద్రంపై కష్టించి బ్రతికిన మత్స్యకారులు వాటిని ముట్టుకొనలేదు. సర్వం పోగొట్టుకొన్నవారికి మిగిలినది ఆత్మగౌరవం ఒక్కటే. ఒకరు విడిచిన బట్టను ఏరుకొనుమనడం దానిని కూడా అడుగుట. ఆ కుప్పలను తొలగించడం, అన్నం పంచవలసిన చేతులకు అదనపు పని అయినది. ఇది దాత ఎరుగని హింస. ఎరుగకపోవడం హింసను అహింసగా మార్చదు.

ఇక ఫలత్యాగం మాట. కర్మయోగి త్యజించవలసిన ఫలం ఎవరి ఫలం? తనకు రావలసిన పుణ్యం, కీర్తి, ప్రత్యుపకారం. ఎదుటివానికి చేరవలసిన అన్నాన్ని, కప్పును, మందును త్యజించే అధికారం దాతకు ఎవరు ఇచ్చినారు? వైద్యుడు రుసుముపై ఆశ విడువవచ్చును. రోగికి నయమైనదా లేదా అన్న విచారణను విడిచితే అతడు యోగి కాడు, అపరాధి. తన ఫలాన్ని విడుచుట వైరాగ్యం, పరుని ఫలాన్ని విడుచుట ప్రమాదం. ఈ రెండింటినీ ఒకటిగా కలిపి చెప్పడమే ‘ఇచ్చి మరచిపో’ అనే వాదంలోని దోషం.

గీత పదునేడవ అధ్యాయంలో దానం మూడు విధాలుగా విభజింపబడినది. సాత్త్విక దానానికి ‘ఇవ్వవలెను’ అనే కర్తవ్యబుద్ధితో పాటు దేశం, కాలం, పాత్రం అనే మూడు నియమాలు చెప్పబడినవి. విచారణ అక్కరలేనిదైతే ఆ మూడు పదాలకు అక్కడ పనియే లేదు. గౌరవం లేకుండా, తిరస్కారభావంతో, దేశకాలాలు చూడక ఇచ్చినది తామసమని అక్కడే ఉన్నది. ఉదారంగా ఇచ్చినది కూడా తామసం కాగలదనే హెచ్చరికను భక్తులు ఎంత తరచుగా పారాయణ చేస్తారో అంత తరచుగా మరచిపోతారు. మహాభారతంలో విదురుడు న్యాయంగా ఆర్జించిన ధనానికి రెండు దుర్వినియోగాలు చెప్పినాడు: అపాత్రునికి ఇచ్చుట, పాత్రునికి ఇవ్వకుండుట. చేరవలసినచోటికి చేరని వరద విరాళంలో ఈ రెండు దోషాలూ ఒక్కసారే సిద్ధిస్తాయి.

ఇక్కడ ఒక అపార్థాన్ని తొలగించవలెను. పాత్రవిచారణ అంటే బాధితుని కులం, మతం, గుణం తూచడం కాదు. మెడలోతు నీటిలో నిలిచినవాని పాత్రతను ఆ నీరే నిర్ణయించినది. ‘వారి ప్రారబ్ధం అది’ అనేవారు మరువరానిది ఒకటున్నది: బాధితుని ప్రారబ్ధాన్ని లెక్కించే పని దాతకు అప్పగింపబడలేదు. దాత ఎదుట ఉన్నది తన ఆగామి కర్మ. పరీక్షించవలసినది మూడింటిని: ఇచ్చే వస్తువును, అది పోయే మార్గాన్ని, ఇచ్చేవాని మనస్సును.

దేశాన్ని చూడవలెను. 2024 సెప్టెంబరు ప్రారంభంలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు, రహదారికి చేరువలో ఉన్నవారికి పొట్లాలు ముందుగా అందినవి. లోపలి వీధులలో మేడలపై చిక్కుకొన్నవారు త్రాగునీటికై ఎదురుచూచినారు. చివరకు డ్రోన్ల ద్వారా కూడా ఆహారాన్ని పంపవలసివచ్చినది. వాహనం ఆగగలిగిన చోటనే ఆగి, ఎదురుగా కనిపించినవారికి పంచి తిరిగివచ్చే దానం బాధను అనుసరించదు, తారురోడ్డును అనుసరిస్తుంది. 2021లో చెయ్యేటి వరద వచ్చిన రోజులలోనే కమలాపురం వద్ద పాపాగ్నిపై వంతెన కూలినది. అటువంటి వేళ రాజుపాలెం నుండి నూరు కిలోమీటర్లకు పైబడిన దూరానికి బియ్యపు బస్తాలు మోయించడం కంటె, ఆ డబ్బునే అక్కడ పనిచేయుచున్నవారికి పంపి, సమీపంలోని అంగళ్లలో కొనిపించడం మేలు. రవాణా ఖర్చు మిగులుతుంది, ఇరుకైన దారి ప్రాణరక్షక వాహనాలకు మిగులుతుంది, నష్టపోయిన ప్రాంతపు వర్తకునికి కూడా బేరం దొరుకుతుంది.

కాలాన్ని చూడవలెను. మొదటి వారంలో వార్తలు ఉంటాయి, కనుక దాతలు ఉంటారు. ఆరవ మాసంలో ఇసుక మేట మాత్రం ఉంటుంది. పొలం నుండి ఇసుక తోలించడానికి ట్రాక్టరు కావలెను, పోయిన పాడిపశువు స్థానంలో మరొకటి కావలెను, బిడ్డల చదువు నిలువకుండా చూడవలెను. చెయ్యేటి బాధితులలో ఏడాది గడిచిన తరువాత కూడా తాత్కాలిక నివాసాలలోనే కాలం గడిపిన కుటుంబాలున్నవి. ఆనాటికి వారి గుమ్మం ముందు ఆగిన వాహనాలు ఎన్ని? సంకల్పించిన దానంలో సగాన్ని వెంటనే ఇచ్చి, మిగిలిన సగాన్ని ఆరు నెలల తరువాత ఇచ్చేవాడు దానం తగ్గించినవాడు కాడు. కాలాన్ని తెలిసినవాడు.

ఈ వివేకం రాజుపాలెం సీమకు పరాయిది కాదు. 1866 నాటి డొక్కల కరువులో, అదే కుందూ పరీవాహకంలోని ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి ఆకలిగొన్న వేలమందికి అన్నం పెట్టించినారు. విక్టోరియా రాణి ప్రభుత్వం ఆయనకు సువర్ణ పతకాన్ని బహూకరించినది. కాని ప్రజల నోట ఆయన పేరు నిలిచినది పతకం వలన కాదు, ఆకలి ఉన్నచోట పొయ్యి వెలిగించినందువలన. ఆకలికి అన్నం పెట్టినారు, ఇంట్లో మిగిలిపోయినదానిని కాదు.

అదే కడప సీమలో పోరుమామిళ్ల చెరువు శాసనం ఉన్నది. విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు 1369లో వేయించినది. తటాక నిర్మాణం మహాపుణ్యమని కీర్తించి అక్కడితో ఆ శాసనం ఆగలేదు. మంచి చెరువుకు ఉండవలసిన పండ్రెండు అంగాలను, ఉండరాని ఆరు దోషాలను లెక్కించినది. వేయిమంది కూలీలు రెండేండ్లు శ్రమించినట్లు నమోదు చేసినది. పుణ్యాన్ని కోరినవాడే మట్టి గట్టిదా కాదా అని చూచినాడు, ఎందుకనగా తెగిన కట్ట పుణ్యం కాదు. చెరువు దానానికి అంగదోషాల విచారణ తగినదైతే, వరద దానానికి ఎందుకు తగదు?

విచారణ పెరిగితే దానం తగ్గిపోతుందనీ, సందేహించే మనస్సు పిసినారిదవుతుందనీ కొందరి భయం. ఈ భయంలో కొంత సత్యం లేకపోలేదు. ‘అందరూ దొంగలే’ అని చేయి ముడుచుకొనేవారు ఉన్నారు. వారిది విచారణ కాదు, ముందే నిర్ణయించుకొని వెదకిన సాకు. విచారణ ముగిసినచోట చేయి తెరుచుకొనవలెను, అది దాని పరీక్ష. మోసం మాత్రం కల్పన కాదు. 2020లో పీఎం కేర్స్ నిధి ప్రకటింపబడిన వెంటనే, ఒక్క అక్షరం తేడాతో నకిలీ యూపీఐ ఐడీలు పుట్టుకొచ్చినవి. ఫోనుకు వచ్చిన క్యూఆర్ కోడ్‌ను భక్తిపారవశ్యంలో స్కాన్ చేసినంతమాత్రాన ధనం బాధితునికి చేరదు. ఒకరు పంపిన చిత్రాన్ని నమ్ముటకు మారుగా, ముఖ్యమంత్రి సహాయనిధి గాని, సుపరిచితమైన సేవాసంస్థ గాని స్వయంగా ప్రకటించిన ఖాతాను సరిచూచుకొనవలెను. రసీదు అడుగవలెను. ఊరి పేరున సొమ్ము కూడితే, వచ్చినదెంత, వ్యయమైనదెంత, ఏ ఊరిలో ఎవరి ద్వారా అన్న లెక్కను గుడి ముంగిట అంటించవలెను. లెక్క చెప్పుట అవమానం కాదు. దేవుని హుండీకి లెక్క ఉన్నప్పుడు దీనుని హుండీకి ఉండరాదా?

చివరగా ఇచ్చేవాని మనస్సు. తైత్తిరీయోపనిషత్తు శిష్యునికి చేసిన ఉపదేశంలో శ్రద్ధతో పాటు హ్రీ, భీ, సంవిత్తు అనే మాటలున్నవి. హ్రీ అంటే సిగ్గు. ఇచ్చేవాడు సిగ్గుపడవలెను. నేటి రీతి దీనికి విలోమం: పుచ్చుకొనేవాడు సిగ్గుతో తల వంచుకొంటే, ఇచ్చేవాడు కెమెరా వైపు చూస్తాడు. ఒక నీటి సీసాను నలుగురు పట్టుకొని తీయించుకొన్న చిత్రంలో బాధితుడు వస్తువైపోయినాడు. ప్రతిఫలాన్ని కోరినది రాజసదానమని గీత చెప్పినప్పుడు, ఆ ప్రతిఫలం ధనమే కానక్కరలేదు. ఫొటో కూడా ప్రతిఫలమే. సంవిత్తు అనే మాటకు సామాన్యార్థం తెలివిడి. భాష్యకారులు దానిని మైత్రి మొదలైనవిగా గ్రహించినారు. వరద వేళ ఆ రెండర్థాలూ ఒక్కటే అవుతాయి. మిత్రుడు తనకు తోచినది పంపడు. ‘నీకేమి కావలెను?’ అని ముందు అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్న అడిగినవానికి మిగిలిన నియమాలన్నీ వాటంతట అవే తెలిసివస్తాయి.

పెన్న సీమలో మళ్లీ వానలు కురుస్తాయి, ఏదో ఒక కట్ట మీద మళ్లీ భారం పడుతుంది. ఆనాడు రాజుపాలెంలో మూటలు కట్టేవేళ, ప్రతి ఇంటా ఒక నచికేతుడు ఉండవలెను. ‘నాయనా, ఈ చొక్కాను నీవు తొడుగుకొంటావా? ఇది ఎవరికి ఇస్తున్నావు?’ అని ఆ బిడ్డ అడిగితే, వాజశ్రవసుని వలె కోపగించుకొనరాదు. మూట విప్పి చూడవలెను. పనికిరానివి పక్కకు పెట్టి, వాటికి బదులు ఒక కుటుంబం పొయ్యి తిరిగి వెలుగడానికి కావలసినదేమిటో అడిగి తెలుసుకొని, దానిని ఇవ్వవలెను.