ఆ విడి మాత్ర వద్దు!

అమెరికాలో ఎమ్మెస్‌కు సిద్ధమవుతున్నారా? ఐ-20, వీసా, బ్యాంకు లోను, ఆవకాయ ప్యాకింగ్.. మీ చెక్‌లిస్టులో ఇవన్నీ ఉండే ఉంటాయి. దానికి ఇంకొక్క లైను కలపండి: 'ఫార్మసీ నుంచి నా కోసం రాని మాత్ర వేసుకోను'. ఇది నీతిబోధ కాదు. అచ్చం అసలు మందులా కనిపించే నకిలీ మాత్రల్లో ఫెంటనిల్ కలిపి అమ్ముతున్న దేశానికి వెళ్తున్నారు కాబట్టి తీసుకోవాల్సిన కనీస జాగ్రత్త.

'మనం డ్రగ్స్ జోలికే పోం కదా, మనకెందుకు ఈ గోల?' అనిపించొచ్చు. 2020 మేలో కాలిఫోర్నియాలోని శాంటా క్లారా యూనివర్సిటీ విద్యార్థి ఒకరు చనిపోయారు. వయసు 22. డిగ్రీ చేతికొచ్చే సమయం. ఆ రోజే ఉద్యోగానికి ఫోన్ ఇంటర్వ్యూ ఉంది. పెర్కోసెట్ అనే నొప్పి మాత్ర అనుకుని స్నాప్‌చాట్ ద్వారా కొన్నదాన్ని వేసుకున్నారు. అందులో ఉన్నది ఫెంటనిల్. ఆ కుర్రాడి తల్లిదండ్రులు తర్వాత 'సాంగ్ ఫర్ చార్లీ' అనే సంస్థ పెట్టి, మరో ఇంట్లో ఇలా జరగకూడదని యువతకు చెబుతున్నారు.

ఏంటీ ఫెంటనిల్?

నిజానికి ఇది ఆసుపత్రుల్లో వాడే మందే. ఆపరేషన్లప్పుడు, తీవ్రమైన క్యాన్సర్ నొప్పులకు డాక్టర్లు మైక్రోగ్రాముల్లో కొలిచి ఇస్తారు. మార్ఫిన్ కంటే సుమారు 100 రెట్లు, హెరాయిన్ కంటే 50 రెట్లు శక్తిమంతం. కేవలం 2 మిల్లీగ్రాములు ప్రాణం తీయగలవని అమెరికా మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ డీఈఏ చెబుతోంది. అంటే పెన్సిల్ మొన మీద నిలిచేంత!

ముఠాలకు ఇందులో లాభం ఎక్కడుంది? హెరాయిన్‌కు నల్లమందు పంట కావాలి, దీనికి రసాయనాలుంటే చాలు. 1 కిలో పొడిలో 2 మిల్లీగ్రాముల మోతాదులు 5 లక్షలు వస్తాయి. చిన్న పొట్లం సరిహద్దు దాటితే చాలు. దాన్ని వేరే పొడితో కలిపి, మాత్రలు ఒత్తే యంత్రంలో వేసి, 'ఎం 30' అని ముద్ర ఉన్న నీలం రంగు ఆక్సికోడోన్‌లాగానో, జానాక్స్‌లాగానో, అడెరాల్‌లాగానో దించేస్తున్నారు.

అసలు కంపెనీలో ప్రతి బ్యాచ్‌నూ పరీక్షిస్తారు. మాత్రల్లో మందు సమానంగా ఉందో లేదో చూస్తారు. ముఠాల దగ్గర ఆ క్వాలిటీ కంట్రోల్ ఎక్కడిది? పులిహోరలో పల్లీలు ప్రతి ముద్దకూ సమానంగా రావు కదా, ఇదీ అంతే. ఒక మాత్రలో ఏమీ ఉండకపోవచ్చు, పక్కదానిలో ప్రాణాంతక మోతాదు ఉండొచ్చు. 'నా ఫ్రెండ్ వేసుకున్నాడు, ఏం కాలేదు' అన్నది అందుకే రుజువు కాదు. డీఈఏ ల్యాబ్‌లో పరీక్షించిన ఫెంటనిల్ మాత్రల్లో ప్రాణాంతక మోతాదు ఉన్నవి 2023లో 10కి 7, 2024లో 10కి 5. డ్రగ్స్ మోతాదు మించి అమెరికాలో 2023లో సుమారు 1.05 లక్షల మంది చనిపోతే, 2024లో అది దాదాపు 80 వేలకు తగ్గింది. మంచి వార్తే. కానీ మీ చేతిలో ఉన్న మాత్ర ఏదో ఈ లెక్కలు చెప్పవు.

మనవాళ్లు ఎక్కడ పొరబడొచ్చు?

మన దగ్గర మాత్ర అంటే స్ట్రిప్. దాని మీద పేరు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ ఉంటాయి. అమెరికాలో ఫార్మసిస్టు చాలా మందుల్ని లెక్కపెట్టి ప్లాస్టిక్ డబ్బాలో విడిగా పోసి ఇస్తారు. అక్కడ విడి మాత్ర కనిపించడం మామూలే, కాబట్టి అనుమానం రాదు. పైగా 'నొప్పి మాత్ర ఉందా?' అని పక్కవాళ్లను అడగడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. దీనికి డాక్టర్ ఫీజు భయం తోడవుతుంది. ఇక పరీక్షలు, ఇంటర్వ్యూల ముందు నిద్ర ఆపుకోవడానికి ఎవరో అడెరాల్ ఇస్తామంటారు. ఆ పేరుతో అమ్మే నకిలీల్లో ఫెంటనిలే కాదు, మెథాంఫెటమైన్ కూడా దొరుకుతోంది. ఒకవేళ అది అసలుదే అయినా, ప్రిస్క్రిప్షన్ లేకుండా దగ్గర ఉంచుకోవడం నేరం. డ్రగ్స్ కేసులో శిక్ష పడితే ఎఫ్-1 విద్యార్థిని వెనక్కి పంపేయొచ్చు.

ఇవి చేయండి

* రోజూ వాడే మందుల్ని ఒరిజినల్ ప్యాకింగ్‌లో, ఇంగ్లిష్ ప్రిస్క్రిప్షన్‌తో పట్టుకెళ్లండి.
* చేరిన వారంలోనే క్యాంపస్ హెల్త్ సెంటర్ ఎక్కడో, మీ ఇన్సూరెన్స్‌లో ఏమేం వస్తాయో తెలుసుకోండి. తలనొప్పి, జ్వరానికి టైలెనాల్ చాలు. అది మన పారాసెటమాలే. ఏ స్టోర్‌లోనైనా సీల్ ఉన్న డబ్బా కొనుక్కోవచ్చు.
* ఒత్తిడి తట్టుకోలేకపోతే 988కి కాల్ చేయండి.
* రూమ్‌లో నలుగురూ కలిసి నాలొక్సోన్ నాసల్ స్ప్రే ఒకటి ఉంచుకోండి. 2023 మార్చిలో ఎఫ్‌డీఏ అనుమతించాక ఇది ప్రిస్క్రిప్షన్ లేకుండానే దొరుకుతోంది. చాలా యూనివర్సిటీలు ఉచితంగా ఇస్తున్నాయి.

ఎవరైనా ఎంత లేపినా లేవకపోతే, శ్వాస బాగా నెమ్మదిస్తే, గొంతులో గురగుర వినిపిస్తే, పెదాలు నీలం తిరిగితే వెంటనే 911కి ఫోన్ చేయండి. స్ప్రేను ఒక ముక్కు రంధ్రంలో కొట్టండి. 2-3 నిమిషాల్లో మార్పు లేకపోతే రెండోది వాడండి. శ్వాస తీసుకుంటుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఒంట్లో ఫెంటనిల్ లేకపోయినా నాలొక్సోన్ హాని చేయదు. కాస్త తేరుకున్నారని వదిలేయొద్దు. స్ప్రే ప్రభావం తగ్గాక శ్వాస మళ్లీ ఆగొచ్చు.

'పోలీసులొస్తే వీసా ఏమవుతుందో' అన్న ఆలోచన ఆ సమయంలో రావడం సహజం. సాయం కోసం ఫోన్ చేసినవారికి కేసుల నుంచి కొంత రక్షణ ఇచ్చే గుడ్ సమారిటన్ చట్టాలు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. మీరు వెళ్లే రాష్ట్రంలో ఆ చట్టం ఎంతవరకు వర్తిస్తుందో ఇప్పుడే చదివిపెట్టుకోండి. ఎందుకంటే శ్వాస ఆగినవాళ్లకు ఉండేది నిమిషాలే. వీసా సంగతి తర్వాత లాయర్‌తో మాట్లాడుకోవచ్చు, ముందు ఫోన్ చేయండి.