నలభై దాటాక మళ్లీ ఓనమాలు

ఒక విద్యలో పేరు తెచ్చుకున్నవాడికి దాని పక్క విద్య సగం వచ్చేసినట్టేనని మనం తేలిగ్గా అనుకుంటాం. సంగీతం విషయంలో ఈ నమ్మకం మరీ ఎక్కువ. రాక్ డ్రమ్మర్‌కి జాజ్ ఎంతసేపు, కర్రలు అవే, డ్రమ్ములు అవే కదా అంటాం. ఆ మాట ఎంత తప్పో తెలియాలంటే నీల్ పీర్ట్ జీవితం చూడాలి. రాక్ డ్రమ్మర్లలో అగ్రశ్రేణి వాడని లోకం ఒప్పుకున్న ఆ మనిషి, నలభై దాటాక ఒక గురువు దగ్గర కూర్చుని, కర్ర పట్టుకోవడం దగ్గర్నుంచి మళ్లీ నేర్చుకున్నారు. కళాకారులందరూ తెలుసుకోవాల్సిన కథ ఇది. ఇంకో సంప్రదాయంతో చేయి కలిపి 'ఫ్యూజన్' అని పోస్టర్ వేసుకునేవాళ్లు మరీ తెలుసుకోవాలి.

పీర్ట్ 1952లో కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో పుట్టారు. పదమూడో పుట్టినరోజుకి తల్లిదండ్రులు ఆయనకి కర్రలు, ప్రాక్టీస్ ప్యాడ్ ఇచ్చి పాఠాలకు పంపారు. ఏడాది పాటు వదలకుండా సాధన చేస్తే అసలు డ్రమ్ములు కొనిపెడతామన్నారు, కొనిపెట్టారు. 1974లో రష్ అనే బృందంలో చేరారు. గెడ్డీ లీ, అలెక్స్ లైఫ్‌సన్, పీర్ట్, ఈ ముగ్గురే ఆ బృందం. పాటల సాహిత్యం కూడా ఎక్కువగా పీర్ట్‌దే. ప్రతి దెబ్బా ముందే ఆలోచించి, కూర్చి, రికార్డులో ఉన్నది వేదిక మీద పొల్లుపోకుండా వాయించే పద్ధతి ఆయనది. మోడరన్ డ్రమ్మర్ పత్రిక 1983లోనే, అంటే ముప్పై ఏళ్ల వయసుకే, ఆయన్ని తన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చింది. అంతటితో ఆగిపోయినా ఆయన్ని అడిగేవాళ్లు లేరు.

అయితే ఆయనకి డ్రమ్ముల మీద మోజు పుట్టించింది రాక్ కాదు. చిన్నప్పుడు చూసిన ఒక సినిమా. 1930లలో బెన్నీ గుడ్‌మన్ బ్యాండులో వాయించి పేరు తెచ్చుకున్న జీన్ క్రూపా జీవితం మీద 1959లో తీసిన సినిమా అది. క్రూపా తర్వాతి పెద్ద పేరు బడ్డీ రిచ్. 1917లో బ్రూక్లిన్‌లో పుట్టిన రిచ్, సరిగ్గా నడక రాని వయసులోనే తల్లిదండ్రుల నాటక ప్రదర్శనల్లో వేదిక ఎక్కారు. ఆర్టీ షా, టామీ డోర్సీ, హ్యారీ జేమ్స్ బ్యాండుల్లో వాయించారు. రాక్ ఊపులో పెద్ద బ్యాండులు ఒక్కొక్కటే మూతపడుతున్న 1966లో ధైర్యంగా సొంత బ్యాండు పెట్టారు. మన తబలా ఉస్తాద్ అల్లా రఖాతో కలిసి 1968లో ఒక రికార్డు కూడా చేశారు. ఇంతటి మనిషికి స్వరలిపి చదవడం రాదు. ఒకసారి వింటే చాలు, చేతిలోకి వచ్చేసేది. అలాంటి పుట్టుక ఉన్నవాళ్లని చూసి దణ్ణం పెట్టగలం గానీ వాళ్ల దారిలో నడవలేం. మనం నడవగలిగిన దారి పీర్ట్‌ది.

1987లో రిచ్ పోయారు. ఆయన కూతురు క్యాథీ రిచ్, తండ్రి పేరు మీద విద్యార్థులకు స్కాలర్‌షిప్పులిచ్చేందుకు కచేరీలు పెడుతూ, 1991లో న్యూయార్క్ కచేరీకి పీర్ట్‌ని పిలిచారు. అదే రిచ్ బ్యాండుతో, ఆయన కూర్చున్న చోట కూర్చుని వాయించాలి. పీర్ట్ ఒప్పుకున్నారు. రిహార్సల్‌కి దొరికిన సమయం తక్కువ. తీరా చూస్తే ఆయన ఒక పాటని ఒక కూర్పులో నేర్చుకుని వస్తే, బ్యాండు మరో కూర్పు వాయించింది. ఆ రాత్రి వాయించింది తనకే నచ్చలేదని ఆయన తర్వాత దాచుకోకుండా చెప్పారు.

అంతటివాడు ఎందుకు తడబడ్డారో తెలియాలంటే రెండు వాయింపులకీ ఉన్న తేడా చూడాలి. రాక్‌లో బరువంతా కిందే ఉంటుంది. కుడికాలు బేస్ డ్రమ్‌ని తన్నుతుంది, రెండో మాత్రకీ నాలుగో మాత్రకీ స్నేర్ మీద గట్టి దెబ్బ పడుతుంది. మాత్ర రెండు సమభాగాలుగా చీలుతుంది. జాజ్ నడక అయిన స్వింగ్‌లో బరువు పైకి, రైడ్ సింబల్ అనే పెద్ద తాళం మీద ఆడే కుడిచేతికి వెళ్తుంది. రెండో మాత్రకీ నాలుగో మాత్రకీ ఎడమకాలు హై-హ్యాట్ అనే జంట తాళాలని మూస్తుంది. బేస్ డ్రమ్ వినీ వినిపించనట్టు పలకాలి. మాత్ర మూడుగా చీలి అందులో మొదటి భాగం, మూడో భాగం పలుకుతాయి. తిశ్రం తెలిసిన మన మృదంగం విద్యార్థికి ఈ లెక్క చెప్పగానే అర్థమైపోతుంది. కానీ లెక్క అర్థమైతే స్వింగ్ వచ్చినట్టు కాదు. వేగం పెరిగేకొద్దీ పలికే ఆ రెండు దెబ్బలు మెల్లగా సమం వైపు జరుగుతాయి. ఎంత జరగాలో కాగితం మీద రాసిపెట్టడం కుదరదు. ఆ నడక వింటూ, వాయిస్తూ ఒంట్లోకి దించుకోవాలి.

ఇక పెద్ద బ్యాండంటే మామూలుగా పదహారు, పదిహేడు మంది. ఐదుగురు శాక్సఫోన్ వాళ్లు, నలుగురేసి ట్రంపెట్, ట్రాంబోన్ వాళ్లు, తక్కినవాళ్లు పియానో, బేస్, గిటార్, డ్రమ్స్. ట్రంపెట్లన్నీ ఒక్కసారిగా ఊదబోయే చోటికి రెప్పపాటు ముందు దారి చూపేది డ్రమ్మరే. ఆయన తటపటాయిస్తే పదహారు మందీ తటపటాయిస్తారు. ముగ్గురున్న బృందంలో డ్రమ్మర్ ఖాళీలు పూరించాలి. పదిహేడు మందిలో ఖాళీలు వదలాలి. పీర్ట్ పదిహేడేళ్లు పూరించడంలో ఆరితేరారు. వదలడం అప్పటికింకా ఆయన చేతులకు అలవాటు కాలేదు.

ఇక్కడ పీర్ట్‌కి రెండు తేలిక దారులు ఉన్నాయి. జాజ్ మనకి పడదని ఊరుకోవచ్చు. లేదా అభిమానులు ఎలాగూ చప్పట్లు కొడతారు కాబట్టి అలాగే వాయించుకుంటూ పోవచ్చు. ఆయన రెండూ చేయలేదు. రిచ్‌కి నివాళిగా ఒక రికార్డు నిర్మించాలనుకున్నారు. 1994లో న్యూయార్క్‌లోని పవర్ స్టేషన్ స్టూడియోలో అదే బ్యాండుని కూర్చోబెట్టి, ఒక్కో పాటకి ఒక్కో డ్రమ్మర్‌ని పిలిపించారు. మాక్స్ రోచ్, జో మొరెల్లో, స్టీవ్ గ్యాడ్, బిల్లీ కోబమ్, సైమన్ ఫిలిప్స్ వంటివారు వచ్చి వాయించారు. 'బర్నింగ్ ఫర్ బడ్డీ' పేరుతో మొదటి భాగం 1994లో, రెండోది 1997లో వచ్చాయి. నిర్మాతగా పీర్ట్ వాళ్లందరినీ దగ్గర కూర్చుని చూశారు. స్టీవ్ స్మిత్ వాయిస్తుంటే ఆయన చూపు ఆగిపోయింది. జర్నీ అనే రాక్ బృందంలో పనిచేసిన స్మిత్ చేతుల్లోకి కొత్తగా ఒక సొంపు వచ్చింది. ఎలా వచ్చిందని అడిగితే, ఫ్రెడ్డీ గ్రూబర్ దగ్గర నేర్చుకుంటున్నానని స్మిత్ చెప్పారు.

గ్రూబర్ 1927లో పుట్టారు. రిచ్‌కి దగ్గరి స్నేహితుడు. వేదిక మీద పెద్దగా కనబడకపోయినా డ్రమ్మర్ల లోకంలో ఆయన మాటకి తిరుగు లేదు. దెబ్బ ఎంత గట్టిగా పడిందన్నది ఆయనకు ముఖ్యం కాదు. దెబ్బకీ దెబ్బకీ మధ్య చేయి గాలిలో ఎలా తిరుగుతోంది, ఒళ్లు ఎక్కడ బిగుసుకుంటోంది అన్నదే పాఠం. పీర్ట్ అప్పటిదాకా రెండు చేతులతో కర్రని ఒకే తీరుగా పట్టుకునేవారు. ఇప్పుడు ఎడమచేతి పట్టు మార్చారు. భుజానికి వాలుగా వేలాడే డోలు వాయించిన సైనిక బ్యాండుల కాలం నుంచి వస్తున్న పాత పట్టు అది. కర్ర బొటనవేలి మొదట్లో ఆని, వేళ్ల మధ్య నుంచి బయటికి వస్తుంది. నలభై ఏళ్లు కుడిచేత్తో రాసినవాడు ఎడమచేత్తో రాయడం మొదలుపెట్టినట్టే. డ్రమ్ముల అమరిక కూడా మారింది. రోజూ సాధన చేశారు. ఆ సమయంలో రష్ పర్యటనలు లేకుండా విరామంలో ఉంది.

ఆయనకి డబ్బుంది, తీరిక ఉంది, మనకేముంది అని ఎవరైనా అంటే ఆ మాట నిజమే. కానీ డబ్బు, తీరిక ఉన్న కళాకారులు లోకంలో చాలామంది ఉన్నారు. పేరొచ్చాక, 'నాకు ఇది రాదు, నేర్పండి' అని అడిగినవాళ్లు ఎంతమంది?

ఈ చదువు ఫలితం 1996లో 'టెస్ట్ ఫర్ ఎకో' అనే రష్ రికార్డులో బయటికి వచ్చింది. పాత పీర్ట్‌కీ కొత్త పీర్ట్‌కీ తేడా తమకు వినబడలేదన్న అభిమానులున్నారు. ఎంత నేర్చుకున్నా ఆయన స్వింగ్‌లో బిగువు పోలేదన్న జాజ్ రసికులూ ఉన్నారు. రెండో విమర్శలో కొంత న్యాయం ఉందని నా అభిప్రాయం. రిచ్ వాయించిన రికార్డు, పీర్ట్ వాయించిన రికార్డు పక్కపక్కన పెట్టి వింటే తెలుస్తుంది. అయినా తాను జాజ్ డ్రమ్మర్‌ని అయిపోయానని పీర్ట్ ఎన్నడూ అనలేదు. బలం కావాల్సిన పాటలకి తర్వాత రెండు చేతులకీ ఒకే తీరుగా ఉండే తన మునుపటి పట్టుకే తిరిగి వెళ్లారు. కొత్త విద్య ఆయన ఇంటి విద్యని చెరపలేదు, దానికి ఊపిరి పోసింది. అంతా ముందే రాసుకుని వాయించే మనిషి, చివరి పర్యటనల్లో వేదిక మీద అప్పటికప్పుడు పుట్టించే సోలోలకి సిద్ధపడ్డారు. 2002 నవంబరులో రియో డి జనీరోలోని మరకానా స్టేడియంలో తన సోలోని కౌంట్ బేసీ 'వన్ ఓ క్లాక్ జంప్'తో ముగించారు. రాక్ కోసం వచ్చిన వేలాది కుర్రకారు 1930ల నాటి స్వింగ్‌కి కేరింతలు కొట్టారు.

ఈ మధ్యలో ఆయన జీవితంలో పెద్ద దెబ్బలే తగిలాయి. 1997లో కూతురు, మరుసటి ఏడాది భార్య పోయారు. కొన్నేళ్లు డ్రమ్ములకి దూరంగా ఉండిపోయారు. మళ్లీ నిలదొక్కుకున్నాక, 2007లో క్యాథీ రిచ్‌తో మరో నివాళి కచేరీ మాట వచ్చింది. ఒకసారి నేర్చుకున్నాను కదా అని ఆయన అనుకోలేదు. ఈసారి పీటర్ అర్‌స్కైన్ అనే జాజ్ డ్రమ్మర్ దగ్గర చేరారు. 2008 అక్టోబరు 18న న్యూయార్క్‌లోని హ్యామర్‌స్టీన్ బాల్‌రూమ్‌లో రిచ్ బ్యాండుతో మళ్లీ వాయించారు. అప్పటికి ఆయనకి యాభై ఆరేళ్లు. పీర్ట్ 2020 జనవరిలో కన్నుమూశారు.

ఇదే దారి తొక్కిన రాక్ డ్రమ్మర్లు ఇంకా ఉన్నారు. రోలింగ్ స్టోన్స్ చార్లీ వాట్స్ 1980లలో సొంతంగా పెద్ద బ్యాండు కట్టారు. 1996లో ఫిల్ కాలిన్స్ పెద్ద బ్యాండు పెడితే క్విన్సీ జోన్స్ నడిపించారు. వాట్స్‌కి చిన్ననాటి నుంచీ జాజే ప్రాణం, కాబట్టి ఆయనది సొంతింటికి వెళ్లడం. పీర్ట్ వెళ్లింది పరాయింటికి. అందుకే ఆయన ఉదాహరణ మనకి ఎక్కువ పనికొస్తుంది.

మన వేదికల మీద ఫ్యూజన్ పేరుతో ఇప్పుడు చాలా జరుగుతోంది. మృదంగం పక్కన డ్రమ్ కిట్, వీణ పక్కన ఎలక్ట్రిక్ గిటార్. నాకు వాటి మీద ఏ అభ్యంతరమూ లేదు. సంగీతం ఎప్పుడూ పక్కవాడి దగ్గర నేర్చుకునే పెరిగింది. కానీ వాటిలో చాలావాటిలో ఎవరి పాట వాళ్లు పాడుకుని, చివర్లో ఒక తీర్మానం మీద కలుస్తారు. ఒకరి సంప్రదాయం లోపలికి మరొకరు అడుగు పెట్టిన జాడ కనబడదు. అది సంగమం కాదు, వంతులు పంచుకోవడం. 1991లో పీర్ట్‌కి ఎదురైంది కూడా అదే, మంచి మనసు, పెద్ద పేరు, చాలని సాధన. ఆయన గొప్పతనమంతా ఆ తర్వాతి ఏళ్లలో ఉంది.

అందుకే ఈ కచేరీలు పెట్టే సభలకి, డబ్బు పెట్టే సంస్థలకి ఒక విన్నపం. కళాకారులకి ఒక్క సాయంత్రం పారితోషికం ఇచ్చి ఊరుకోకండి. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవడానికి కొన్ని నెలలు ఇవ్వండి, ఆ నెలల ఖర్చూ భరించండి. కళాకారులకీ ఒక మాట. పక్క సంప్రదాయం మీద ప్రేమ ఉంటే ముందు అందులో ఒక గురువుని వెతుక్కోండి, కచేరీ తేదీ ఆ తర్వాత ఖాయం చేసుకోండి.